పోయిన మార్కులు ఎక్కడ పోయాయి? ప్రవేశ పరీక్ష రెండోసారి రాసే ముందు

ఫలితాలు వచ్చిన రోజు చాలా ఇళ్లలో మాట ఒకేలా నడుస్తుంది. ఇంకో 40 మార్కులు వచ్చుంటే సీటు వచ్చేదని ఒకరంటారు. ఇంకో ఏడాది కష్టపడితే ఆ 40 రాకుండా పోతాయా అని ఇంకొకరంటారు. పరీక్ష రాసిన మనిషి మాత్రం తల దించుకుని కూర్చుంటుంది. రాత్రి పడుకునేలోపు నిర్ణయం దాదాపు అయిపోతుంది: లాంగ్ టర్మ్‌లో చేర్చడమో, దొరికిన సీటుతో సరిపెట్టుకోవడమో. ఇంత పెద్ద నిర్ణయంలో ప్రశ్నపత్రం ఊసే రాదు. అందరి ముందూ ఉన్నది ఒకే ఒక అంకె. ఆ అంకె ఎలా తయారైందో విప్పి చూస్తే గానీ మళ్లీ రాయడం వల్ల ఏం ఒరుగుతుందో తెలియదు.

నీట్ పద్ధతినే తీసుకుందాం. 180 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత, మొత్తం 720. ఇద్దరు విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 390 వచ్చాయి. అమ్మాయి 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించింది. అందులో 110 ఒప్పు, 50 తప్పు. 440లోంచి 50 పోతే 390. అబ్బాయి 130 ప్రశ్నలే ముట్టుకున్నాడు. 104 ఒప్పు, 26 తప్పు. 416లోంచి 26 పోతే అదే 390. ర్యాంకుల జాబితాలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. ఇద్దరికీ చుట్టాలు చెప్పే సలహా కూడా ఒకటే అయివుంటుంది.

ఇప్పుడు కీ ఒక పక్క, ఓఎంఆర్ కాపీ ఒక పక్క పెట్టుకుని కూర్చుంటే కథ మారుతుంది. అమ్మాయి చేసిన 50 తప్పుల్లో 30 ఇలాంటివి అనుకుందాం: "సరికానిది ఏది" అని అడిగితే సరైనదాన్ని గుర్తించింది. లెక్కంతా బాగానే చేసి, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోయింది. రఫ్‌లో మూడో ఆప్షన్ అని రాసుకుని షీటులో రెండోదాన్ని దిద్దింది. ఇలాంటి తప్పు ఒకటి సరిదిద్దుకుంటే వచ్చేవి 4 మార్కులు కావు, 5. కోత పడిన ఒక మార్కు కూడా తిరిగొస్తుంది కదా. 30లో సగం ఆపగలిగినా 75 మార్కులు పెరుగుతాయి. దానికోసం కొత్తగా ఒక్క పాఠం కూడా చదవక్కర్లేదు.

అబ్బాయి వదిలేసిన 50 ప్రశ్నలను చాప్టర్ల వారీగా పేర్చి చూస్తే అవి ఎక్కడెక్కడివో కావు, ఏడెనిమిది చాప్టర్లలోనివే. ఆప్టిక్స్ ఉంది, ఆర్గానిక్ కెమిస్ట్రీలో రియాక్షన్లు ఉన్నాయి, జెనెటిక్స్ లెక్కలు ఉన్నాయి. ఆ చాప్టర్లు అతను ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. అతనికి ఒక్కో ప్రశ్న విలువ 4 మార్కులు, అదీ చాప్టర్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళితే. అమ్మాయికి కావాల్సింది టైమ్ పెట్టుకుని పేపర్లు రాసే కొన్ని నెలల సాధన. అబ్బాయికి కావాల్సింది నిజంగానే ఓ ఏడాది చదువు. ఒకే స్కోరు, రెండు వేరు వేరు అవసరాలు. ఇద్దరినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి సిలబస్ మొదటి నుంచి చెబితే, వచ్చిన పాఠాలే మళ్లీ వింటూ అమ్మాయి విసిగిపోతుంది. చదువు మీద విసుగు పుట్టిన చోట సిల్లీ మిస్టేకులు తగ్గవు, పెరుగుతాయి.

అబ్బాయి విషయంలో ఇంకో ప్రశ్న మిగిలే ఉంది: ఆ చాప్టర్లు ఎందుకు వదిలేశాడు? ఆలస్యంగా మొదలుపెట్టడం వల్లో, మధ్యలో జబ్బు చేయడం వల్లో అయితే ఏడాది దొరికితే ఆ ఖాళీ నిండుతుంది. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తేనే మనసు ఒప్పుకోక వదిలేసి ఉంటే, ఇంకో ఏడాది ఇచ్చినా అదే పుస్తకం అలాగే పక్కన పడి ఉంటుంది. ఈ రెండిట్లో ఏది నిజమో ఆ అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు. అతన్ని తప్పు పట్టకుండా అడిగితేనే చెబుతాడు.

తెలియక గుడ్డిగా పెట్టిన జవాబుల లెక్క కూడా చూడాలి. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఊరికే ఎంచుకుంటే సగటున పావు మార్కు లాభం. రెండింటిని కొట్టేసి మిగిలిన రెండిట్లో ఒకటి ఎంచుకుంటే సగటున ఒకటిన్నర. కాబట్టి గెస్ చేయడం దానంతట అది తప్పేమీ కాదు. కానీ ఒకరి 50 తప్పులూ గుడ్డి గెస్సులే అయితే, వారి ఒప్పుల్లోనూ దాదాపు 17 అలా తగిలినవే అయి ఉంటాయి. అంటే 67 జవాబులు చీట్లు వేసి తీసినట్టే. అన్ని గెస్సుల మీద ఫలితం ఓ 20 మార్కులు అటో ఇటో ఊగడం మామూలే. ఇంట్లో ఏడిపించిన ఆ 40 మార్కుల లోటులో సగం ఇక్కడే ఉండొచ్చు. మళ్లీ రాస్తే ఈ ఊగిసలాట అనుకూలంగానే ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

స్కోరు అనేది గోడకు కొట్టిన మేకులా ఒకచోట నిలబడేది కాదు. ఇది పరీక్ష పెట్టేవాళ్లే ఒప్పుకుంటారు. మేనేజ్‌మెంట్ కోర్సుల్లో చేరడానికి రాసే, 205 నుంచి 805 దాకా స్కేలు ఉన్న జీమ్యాట్‌లో కొలత తేడా 30 నుంచి 40 పాయింట్లు ఉంటుందని నిర్వాహకులే చెబుతారు. ఒకే మనిషి, అదే తెలివితో, వేరే రోజు రాస్తే అంత మారవచ్చు. "ఆ రోజు నా రోజు కాదు" అన్న మాట అందుకే కొందరి విషయంలో అక్షరాలా నిజం. మామూలు స్థాయి కంటే బాగా తక్కువ వచ్చినవారికి రెండోసారి ఏమీ చేయకపోయినా కొంత పెరిగే అవకాశం ఉంటుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 19వ శతాబ్దంలో తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చి చూపించిన సూత్రమే ఇది. అసాధారణంగా ఒక వైపు వెళ్లిన కొలత తర్వాతిసారి సగటు వైపు వస్తుంది.

అయితే ఆ రోజు నిజంగా బాగోలేదా, లేక స్థాయే అంతా అన్నది తేల్చాలి. దానికి మాక్ టెస్టులున్నాయి. చివరి పది పూర్తి మాక్‌ల స్కోర్లు ఒక కాగితం మీద వరుసగా రాయాలి. అసలు పరీక్ష స్కోరు ఆ పదింటి మధ్యలో ఎక్కడో ఇమిడిపోతే అది చెడ్డ రోజు కాదు, మామూలు రోజు. పదింటికీ కిందికి పడిపోతే ఆ రోజు ఏదో జరిగింది. చాలామందికి ఈ కాగితం కొంచెం బాధ పెడుతుంది. ఎందుకంటే మనసులో పెట్టుకున్న ఆశ మాక్‌ల సగటును బట్టి కట్టుకున్నది కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చిన అత్యధిక స్కోరును బట్టి కట్టుకున్నది. మధ్యలో లేచి నీళ్లు తాగుతూ, ఫోన్ చూస్తూ ఇంట్లో రాసిన మాక్‌లను ఈ లెక్కలో కలపకూడదు.

మళ్లీ రాయడం అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు పనులున్నాయి. విదేశాల్లో పీజీ చదవడానికి రాసే జీఆర్ఈని 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, 12 నెలల్లో 5 సార్ల వరకు. జీమ్యాట్‌కు 16 రోజులు ఆగితే చాలు, అదీ 12 నెలల్లో 5 సార్లే. వీటిలో రెండో ప్రయత్నానికి అయ్యేది ఫీజు, కొన్ని వారాల శ్రమ. ఏడాదికి ఒక్కసారే జరిగే పరీక్ష అయితే పందెం కాసేది వయసులో ఒక సంవత్సరాన్ని. మొదటి రకంలో విజయవంతమైనవారి అనుభవాన్ని రెండో రకానికి అతికించి "అందరూ మళ్లీ రాసే కదా బాగుపడ్డారు" అనడం సరికాదు.

మొదటి రకం మీద మంచి ఆధారమే ఉంది. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష రాసినవారిపై గుడ్‌మన్, గురాంట్జ్, స్మిత్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. ఒకసారి మళ్లీ రాస్తే కాలేజీలు లెక్కలోకి తీసుకునే స్కోరు సుమారు 90 పాయింట్లు పెరిగిందని, నాలుగేళ్ల కాలేజీల్లో చేరేవారూ పెరిగారని, ముఖ్యంగా పేద కుటుంబాల పిల్లలకు మేలు ఎక్కువగా జరిగిందని వాళ్లు చూపించారు. అక్కడ ఒక్కో సెక్షన్‌లో వేర్వేరు సార్లు వచ్చిన అత్యుత్తమ స్కోర్లను కలిపి చూసే కాలేజీలు చాలా ఉన్నాయి. ఆ సౌకర్యం కూడా ఈ పెరుగుదలలో భాగమే. అయినా, రెండో ప్రయత్నానికి పెద్దగా పోయేదేమీ లేని చోట సంకోచించనక్కర్లేదు, రాయడమే మంచిది.

అదే అధ్యయనంలో మనుషుల మనసు గురించి ఒక సంగతి కూడా బయటపడింది. వందల అంకెకు కాస్త కింద ఆగినవాళ్లు, దాన్ని తాకినవాళ్ల కంటే మళ్లీ రాయడానికి ఎక్కువగా సిద్ధపడ్డారు. 1190 వస్తే మళ్లీ రాస్తారు, 1200 వస్తే ఆగిపోతారు. ఆ పది పాయింట్లకు చదువులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. తేడా అంతా అంకె చూడ్డానికి ఎలా ఉందన్నదాంట్లోనే. "500 దాటలేదు" అని బాధపడే విద్యార్థి తనను తాను అడగాల్సింది ఇదే: తనకు కావాల్సిన కాలేజీ అడిగేది నిజంగా 500నేనా, లేక ఆ అంకె చెప్పుకోవడానికి బాగుంటుందనా?

ఏడాదికోసారి జరిగే పరీక్షల్లో ఇంకో చిక్కు ఉంది. మనం పరిగెత్తేలోపు గమ్యమే చోటు మారిపోతుంది. 2024 నీట్‌లో మొదటి ర్యాంకు 720కి 720. 2025లో మొదటి ర్యాంకు స్కోరు 686. జనరల్ కేటగిరీ అర్హత మార్కు 2024లో 162 ఉంటే 2025లో 144కి దిగింది. రెండూ 50వ పర్సెంటైల్‌కు, అంటే రాసినవారిలో సగం మందిని దాటే చోటుకు, సమానమైనవే. పేపరే మారింది కూడా: 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నలిచ్చి 180కి జవాబులు అడిగేవారు, 2022 నుంచి 200 నిమిషాలు ఇచ్చేవారు. 2025లో మళ్లీ 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఆ రెండేళ్లు వరుసగా రాసిన విద్యార్థికి మార్కులు తగ్గి ర్యాంకు మెరుగైనా ఆశ్చర్యం లేదు. కాబట్టి "ఇంకో 40 మార్కులు" అనే లక్ష్యానికి అర్థం తక్కువ. తన ముందు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమందిని దాటాలి అన్నదే లెక్క. ర్యాంకుల జాబితాలో మధ్య భాగంలో జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ కొద్ది మార్కులకే వేల ర్యాంకులు మారిపోతాయి. పైకి వెళ్లేకొద్దీ పోటీ పడేవాళ్లంతా బాగా తయారైనవాళ్లే, అందులో రెండోసారి రాసేవాళ్లూ ఉంటారు.

నిబంధనలు చదవకుండా నిర్ణయం తీసుకుని తర్వాత బాధపడేవారిని చూస్తే మనసు కలుక్కుమంటుంది. నీట్ రాయడానికి ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ అలా కాదు. వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయాలి. అంతేకాదు, ఐఐటీలో ఒకసారి సీటు ఒప్పుకుని చేరినవారికి మళ్లీ రాసే అర్హత ఉండదు. "ముందు చేరిపోదాం, నచ్చకపోతే వచ్చే ఏడాది బ్రాంచి మారేలా మళ్లీ రాద్దాం" అనుకునేవారికి ఆ తలుపు అక్కడే మూసుకుపోతుంది. అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశానికి రాసే ఎమ్‌క్యాట్ ఒక ఏడాదిలో 3 సార్లు, వరుస రెండేళ్లలో 4 సార్లు, జీవితం మొత్తం మీద 7 సార్లే రాయనిస్తారు. అన్ని స్కోర్లూ కాలేజీలకు కనిపిస్తాయి కూడా. అలాంటి చోట సరిగ్గా తయారవకుండా "ఓసారి చూద్దాం" అని కూర్చోవడం ఖరీదైన పని.

ఇక రెండో ఏడాది ఎలా గడుస్తుందన్నది. రెండోసారి చదివేవారికి ఎదురయ్యే పెద్ద ప్రమాదం పాఠాలు తెలిసినట్టు అనిపించడం. పోయిన ఏడాది నోట్సే, తన చేతిరాతే, పసుపు మార్కర్‌తో గీసిన గీతలే. పేజీ తిప్పుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ మాయను చక్కగా పట్టుకుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదువుతూ కూర్చున్నవాళ్లే ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, పుస్తకం మూసి రాసినవాళ్లకు గుర్తున్నది 61 శాతం. పోయిన ఏడాది చదివిన పద్ధతిలోనే ఇంకో ఏడాది చదవడమంటే ఆ 40 శాతం దగ్గరే ఇంకొంచెం సేపు కూర్చోవడం.

అందుకే "ఈసారి ఇంకా కష్టపడతాను" అన్న మాటను నిర్ణయానికి ఆధారంగా తీసుకోకూడదు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు. కానీ మనిషి తన భవిష్యత్తు వేగాన్ని ఎప్పుడూ ఎక్కువగానే అంచనా వేస్తాడు. కెనడాలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే సగటున సుమారు 34 రోజులన్నారు, నిజంగా పట్టింది సుమారు 55. ఇది 1994లో ప్రచురితమైన పరిశోధన. మూడు నెలల్లో సిలబస్ అయిపోతుందన్న టైమ్‌టేబుల్‌ను ఐదు నెలలుగానే చదువుకోవాలి. పోయినసారి లేనిది ఈసారి ఏముంటుందన్నది వేలు పెట్టి చూపించగలగాలి: వారానికి ఒక పూర్తి పేపరు, ప్రతి తప్పుకూ కారణం రాసే ఒక నోటుబుక్కు, వదిలేసిన చాప్టర్లను అర్థమయ్యేలా చెప్పే ఒక టీచరు, ఉద్యోగం చేస్తూ రాసేవారైతే తగ్గించుకున్న పని గంటలు. చూపించడానికి ఏమీ లేకపోతే రెండో ప్రయత్నం మొదటిదానికి నకలే అవుతుంది.

ఆ సీటు అంత విలువైనదా అన్నది కూడా తేల్చుకోవాలి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో అమెరికా విద్యార్థుల గురించి ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే స్థాయి కాలేజీల నుంచి సీటు ఆఫర్లు వచ్చినవాళ్లలో గొప్ప పేరున్న కాలేజీలో చేరినవారికీ, దాన్ని వదులుకుని కొంచెం తక్కువ పేరున్న కాలేజీలో చేరినవారికీ తర్వాతి సంపాదనలో పెద్ద తేడా లేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం మంచి కాలేజీ వల్ల నిజంగా లాభం కనిపించింది. ఈ ఫలితాన్ని అన్ని చోట్లకూ లాగకూడదు. ఇంజనీరింగ్‌లో ఒక కాలేజీకి బదులు ఇంకో కాలేజీ అనుకోవచ్చు, డాక్టరు కావాలనుకునే పిల్లకు మెడికల్ సీటుకు బదులు ఏదీ లేదు. పరీక్ష ఒక వృత్తికి ఉన్న ఒకే తలుపు అయితే ఏడాది పెట్టడంలో అర్థముంది. ఒక కాలేజీ పేరు కోసమే అయితే ఆ ఏడాది చాలా ఎక్కువ ధర.

ఎక్కడో చేరి, పక్కన చదువుకుంటూ మళ్లీ రాయడం అనే మధ్యేమార్గం చాలామందికి నచ్చుతుంది. అమ్మాయి లాంటివారికి ఇది నప్పవచ్చు. వారం చివర పేపర్లు రాస్తూ పొరపాట్లు తగ్గించుకోవడమే ఆమె పని. అబ్బాయి లాంటివారికి మాత్రం ఇది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. కాలేజీలో ఇంటర్నల్స్, ల్యాబ్‌లు ఉంటాయి. ఇక్కడ ఏడెనిమిది చాప్టర్లు మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండూ సగం సగమై బ్యాక్‌లాగ్‌లతో పాటు పాత ర్యాంకే మిగలవచ్చు.

వీటన్నిటి కంటే ముందు చూడాల్సింది మనిషిని. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు మూడు వారాలు దాటితే నిర్ణయం పక్కన పెట్టి డాక్టరునో కౌన్సెలర్‌నో కలవాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. భారత ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రుల ముఖం చూసి "మళ్లీ రాస్తాను" అని తలూపిన పిల్లలు ఏడాదంతా ఆ బరువు ఒంటరిగా మోస్తారు. ఆ మాట వాళ్ల సొంతమో కాదో కనుక్కోవడం పెద్దల పని.

కౌన్సెలింగ్ తేదీలు తరుముకొస్తున్నా, మూడు వారాలు దొరికితే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడవచ్చు. అబ్బాయి వదిలేసిన వాటిలో అన్నిటికంటే భయపడే చాప్టర్ ఒకటి తీసుకోవాలి, ఆప్టిక్సే అనుకుందాం. రెండు వారాలు రోజూ చదివి, మూడో వారం గత పదేళ్ల పేపర్లలో ఆ చాప్టర్ ప్రశ్నలన్నీ టైమ్ పెట్టుకుని చేయాలి. అమ్మాయి అదే మూడు వారాల్లో ఐదు పూర్తి పేపర్లు, అసలు పరీక్ష జరిగే వేళకే కూర్చుని రాయాలి. ప్రతి తప్పు పక్కన దాని కారణం ఒక ముక్కలో రాసుకోవాలి. సిల్లీ మిస్టేకులు 30 నుంచి 15కి దిగితే వచ్చే ఏడాది ఆమెకు ఏం దక్కుతుందో ఊహించనక్కర్లేదు, ఆ నోటుబుక్కులోనే ఉంటుంది. అబ్బాయి మూడో రోజుకే ఆప్టిక్స్ పుస్తకం మూసేసి వచ్చిన చాప్టర్లనే తిరగేస్తుంటే, అదీ ఒక సమాధానమే. ఏడాది పోగొట్టుకున్నాక కాకుండా మూడు వారాల్లోనే దొరికిన సమాధానం.